ముసురు రోజుల్లో ములుగు అడవిలోకి జలపాతం చూడ్డానికి వెళ్తున్నారా?

ముసురు పట్టగానే వరంగల్ నుంచి బండ్లన్నీ వాజేడు, వెంకటాపురం దారి పడతాయి. బొగత జలపాతం దగ్గర అటవీశాఖ సిబ్బంది ఉంటారు. ముత్యంధార లాంటి జలపాతాలకు అడవిలో చాలాసేపు నడవాలి, వాగు దాటాలి. వెళ్లే ముందు ఇవి చూసుకోండి.

• వాగు. అన్నిటికన్నా ముందు ఇదే. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, పైన గుట్టల మీద వాన పడితే వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. 2023 జులైలో ముత్యంధార చూసి వస్తున్న దాదాపు 80 మంది ఇలాగే అడవిలో చిక్కుకుపోతే ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు వెళ్లి తీసుకొచ్చారు. తేటగా ఉన్న నీళ్లు ఎర్రగా మారి, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయంటే ఇక దిగొద్దు. అవతలి ఒడ్డున ఉండిపోయినా సరే, ఎత్తైన చోటు చూసుకుని ఆగండి. ఆకలికి తట్టుకోవచ్చు, వరదకు తట్టుకోలేం.

• అనుమతి. అటవీశాఖ వద్దన్న చోటికి దొంగదారిన పోవద్దు. ఆపద వస్తే మీరు లోపల ఉన్నట్టు ఎవరికీ తెలియదు.

• సిగ్నల్. లోపల ఫోన్ పనిచేయకపోవచ్చు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో, ఎప్పటిదాకా రాకపోతే 112కు ఫోన్ చేయాలో ఇంట్లో చెప్పి బయల్దేరండి.

• టైమ్. పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికల్లా తిరుగుముఖం పట్టండి. మబ్బు రోజున అడవిలో తొందరగా చీకటి పడుతుంది.

• చెప్పులు వద్దు, పట్టున్న బూట్లు వేసుకోండి. బండల మీద పాకుడు ఉంటుంది.

• తాగే నీళ్లు, టార్చ్, ఒక కర్ర.