ఇంగ్లిష్ పదాల చివర స్పెల్లింగు రాసే ముందు జాగ్రత్తలు

తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి చెవికి వినిపించినదాన్ని నమ్మడం మనకు అలవాటు; డిక్టేషన్‌కు కూర్చునే ముందు ఆ అలవాటును పక్కన పెట్టాలి. ‘యాక్సెప్టబుల్’, ‘విజిబుల్’ చివర ఒకేలా వినిపించినా మొదటిదానిలో ఏ, రెండోదానిలో ఐ ఉంటాయి.

ప్రత్యయం చేర్చే ముందు మూలపదాన్ని విడిగా రాసి చూసుకోవాలి. ‘నోటీస్’ చివరనున్న ‘ఈ’ (e) అక్షరాన్ని ‘నోటీసబుల్’లో తీసివేయకూడదు, ఎందుకంటే ఏకు ముందు సీ ఒక్కటే నిలిస్తే దాన్ని ‘క’ అని చదవాల్సి వస్తుంది. ‘చేంజబుల్’లో జీ తర్వాత ‘ఈ’ మిగలడానికీ ఇటువంటి కారణమే ఉంది.

ఒకే అచ్చు, ఒకే హల్లుతో ముగిసే పదంలో ఆ హల్లును రెట్టించే ముందు, ఊనిక ఎక్కడ పడుతుందో పైకి పలికి చూడాలి. ‘బిగిన్’లో అది చివర ఉంది కనుక ‘బిగినింగ్’లో ఎన్ రెండుసార్లు వస్తుంది, ‘విజిట్’లో మొదట ఉంది కనుక ‘విజిటింగ్’లో టీ ఒక్కటే వస్తుంది. ‘అకరెన్స్’ రాశాక రెండు సీలు, రెండు ఆర్‌లు, ఆ వెంటనే ‘ఈ’ ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్కించుకోవాలి. నేను చూసినంతలో పిల్లలు ఎక్కువగా తడబడేది ఈ పదం దగ్గరే.

‘హ్యాపీ’ చివరి వై ‘హ్యాపీనెస్’లో ఐ అవుతుంది.

‘ట్రావెలింగ్’కు బ్రిటన్‌లో రెండు ఎల్‌లు, అమెరికాలో ఒకటి రాస్తారు కాబట్టి పరీక్ష ఏ పద్ధతిదో ముందే తెలుసుకోవాలి.