వానలు మొదలయ్యేలోపే చెవుల సంగతి చూసుకోండి

మృగశిర కార్తె దగ్గరపడింది. ఇంకో వారం పది రోజుల్లో హైదరాబాద్‌లో వానలు మొదలవుతాయి, బడులూ తెరుస్తారు. ఎండాకాలమంతా స్విమ్మింగ్ పూల్‌లో మునిగి తేలిన పిల్లలు ఇక వానలో తడిసి ఇంటికొస్తారు. మొదట ముక్కు కారుతుంది, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఏదో ఒక రాత్రి ఒంటిగంటకు "అమ్మా, చెవి" అని ఏడుపు. ఉప్పల్‌లో మా ఇంటికి ఆ రాత్రి ఒకసారి వచ్చింది. అప్పుడు మేం చేసిన పని మీరు చేయకూడదని ఇది రాస్తున్నాను.

మా బాబుకు అప్పుడు నాలుగేళ్లు. నాలుగు రోజులుగా జలుబు. ఆ రాత్రి చెవి పట్టుకుని మంచమంతా దొర్లాడు. మా అత్తమ్మ లేచి నాలుగు వెల్లుల్లి రెబ్బలు నలగ్గొట్టి, నువ్వుల నూనెలో కాచి, వేలు ముంచి వేడి చూసి, దూదితో చెవిలో రెండు చుక్కలు పిండింది. తెల్లవారుజాముకి వాడు హాయిగా నిద్రపోయాడు. పొద్దున చూస్తే దిండు గలీబు మీద రూపాయి బిళ్లంత పసుపు మరక. "చూసినవా బిడ్డా, చీమునంతా గుంజి బయట పడేసింది నూనె" అంది. నేనూ నమ్మాను. ఆ తర్వాత పది రోజులు రోజూ పడుకునే ముందు అదే నూనె వేశాం.

పదో రోజు దాటాక వాడు చెవిలో వేలు పెట్టి గోక్కోవడం మొదలుపెట్టాడు. టీవీ సౌండ్ పెంచమని గొడవ. అప్పుడు చెవి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె సన్నటి కెమెరా పెట్టి స్క్రీన్ మీద చూపించారు. చెవి లోపలంతా తడిసి ముద్దయిన న్యూస్ పేపర్ లాంటి బూడిద రంగు పొర, దాని మీద నల్లటి చుక్కలు. ఫంగస్ అన్నారు. ఆ పొరకు అంటుకుని వెల్లుల్లి పొట్టు ముక్క ఒకటి. "ఏం పోసిండ్రమ్మా దీంట్లో?" అని మెల్లగా అడిగారు. నాకు నోట మాట రాలేదు.

తర్వాత ఆమె చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. ముక్కు వెనక నుంచి చెవి మధ్య భాగానికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. పెద్దవాళ్లకు అది ఏటవాలుగా ఉంటుంది. చిన్నపిల్లల్లో పొట్టిగా, ఇరుకుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే అది వాచి మూసుకుపోతుంది. కర్ణభేరి వెనక నీరు చేరి, చీము పడుతుంది. ఆ చీము లోపలి నుంచి కర్ణభేరిని తోస్తుంటే వచ్చేదే ఆ పోటు. తోసి తోసి కర్ణభేరికి చిన్న చిల్లు పడితే చీము బయటికి కారిపోతుంది, ఒత్తిడి దిగుతుంది, నొప్పి పోతుంది. మా దిండు మీద మరక అదే. నూనె వేసినా వేయకపోయినా ఆ రాత్రి అదే జరిగేది. వెల్లుల్లి నూనెకు ఇంత పేరు ఎలా వచ్చిందో నాకు ఆ రోజు అర్థమైంది. ఎన్ని ఇళ్లలో ఎన్ని తెల్లవారుజాముల్లో ఇలాగే నొప్పి దానంతటది దిగిపోయి ఉంటుందో!

అలాంటి చిల్లు తడి తగలకుండా చూసుకుంటే చాలాసార్లు కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుంటుంది. మేమేమో పూడుకోవాల్సిన చోట రోజూ నూనె పోశాం. ఇక బయట వానాకాలం చెమ్మ. ఫంగస్ పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి?

అందుకే ఇప్పుడు మా ఇంట్లో చెవిపోటుకు ఇంటి వైద్యం అంటే చెవి బయట చేసేదే. లోపల కర్ణభేరి బాగుందో లేదో మన కంటికి కనపడదు. చూసి చెప్పేవాళ్లు చూసేదాకా నూనె గానీ, ఉల్లిపాయ రసం గానీ, తులసి రసం గానీ, ఏదీ లోపలికి పోదు. జిల్లేడాకు వెచ్చచేసి రసం పిండే అలవాటు కొన్ని ఊళ్లలో ఇంకా ఉంది. దయచేసి అది అసలే వద్దు, జిల్లేడు పాలు చర్మాన్నే పొక్కిస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్, వెనిగర్‌లో స్పిరిట్ కలిపిన చుక్కలు, చెవిలో వెలిగించే కొవ్వొత్తులు అంటూ ఫోన్‌లో వచ్చే వీడియోల జోలికి కూడా వెళ్లకండి.

మరి రాత్రి ఒంటిగంటకు ఏం చేయాలి? ముందు పిల్లాడిని ఎత్తుకుని కూర్చోబెట్టండి. పడుకుంటే పోటు ఎక్కువవుతుంది, తల ఎత్తులో ఉంటే కాస్త తగ్గుతుంది. మెత్తటి గుడ్డను గోరువెచ్చటి నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, చెవి మీద, చెవి వెనక పది నిమిషాలు కాపడం పెట్టండి. గుడ్డను ముందు మీ ముంజేతి లోపలి వైపు ఆనించి చూసుకోండి. తర్వాత పారాసిటమాల్. అది పిల్లల బరువును బట్టి వేయాలి: కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రెండు డోసుల మధ్య కనీసం 4 నుంచి 6 గంటలు, రోజుకు నాలుగు సార్లు మించకూడదు. 12 కిలోల పాపకు ఒక్కసారికి 120 నుంచి 180 మిల్లీగ్రాములన్నమాట.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, ఇంట్లో ఉన్న సిరప్ సీసా తెచ్చి చూడండి. 5 మిల్లీలీటర్లలో 120 లేదా 125 మిల్లీగ్రాములు ఉండేది ఒకటి, 250 ఉండేది ఇంకొకటి. రెండూ ఒకేలా కనిపిస్తాయి. పసిపిల్లల డ్రాప్స్ ఇంకా గాఢంగా ఉంటాయి. నిద్రమత్తులో, టెన్షన్‌లో, మసక వెలుతురులో చదివితే పొరపాటు జరుగుతుంది. నేను పగలే పిల్లాడి బరువు, వాడికి ఎన్ని మిల్లీలీటర్లు వేయాలో డాక్టర్‌తో రాయించుకుని, సీసా మీద ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను. వానలు పడేలోపు మీరూ ఈ ఒక్క పని చేయండి. మూడు నెలలు నిండని పసికందుకు మాత్రం డాక్టర్ చెప్పకుండా ఏ మందూ వద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు.

తెల్లారాక డాక్టర్ చూసి, పిల్లాడు రెండేళ్లు దాటినవాడైతే, ఒక చెవే నొప్పి ఉండి, జ్వరం ఎక్కువ లేకపోతే, "రెండు మూడు రోజులు నొప్పి మందుతోనే చూద్దాం" అనవచ్చు. అది నిర్లక్ష్యం అనుకోకండి. చాలా చెవిపోట్లు యాంటీబయోటిక్ లేకుండానే తగ్గుతాయి. రాసిస్తే మాత్రం నొప్పి పోయిందని మధ్యలో ఆపకుండా చెప్పినన్ని రోజులూ వాడాలి.

కొన్నిటికి తెల్లారేదాకా ఆగకూడదు. చెవి వెనక ఎముక దగ్గర వాచి, ఎర్రబడి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనిపించినా, ముఖం ఒక పక్కకు లాగినా, మెడ బిగుసుకుపోయినా, తల బాగా తిరుగుతున్నా, పిల్లాడు మగతగా పడి ఉన్నా రాత్రికి రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆరు నెలల లోపు పిల్లలకు చెవిపోటు అనిపిస్తే ఇంట్లో ప్రయోగాలు వద్దు. షుగర్ ఉన్న పెద్దవాళ్లకు రాత్రి నిద్రపట్టనంత చెవిపోటు వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, వాళ్లలో ఆ ఇన్ఫెక్షన్ ఎముకలోకి పాకే ప్రమాదం ఉంది. మా మామయ్య లాంటివాళ్లు "గాలి తగిలింది, తగ్గిపోతది" అని మఫ్లర్ చుట్టుకుని కూర్చుంటారు. వాళ్లను బతిమాలైనా తీసుకెళ్లండి. కోఠిలో ప్రత్యేకంగా చెవి, ముక్కు, గొంతు కోసమే ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. డబ్బుల గురించి ఆలోచించి ఆగిపోవాల్సిన పనిలేదు.

ఇక నొప్పి రాకముందు చూసుకోవాల్సినవి. పెద్దవాళ్ల చెవిపోటు ఎక్కువగా చెవి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా ఉండే బయటి సొరంగంలోనే మొదలవుతుంది. చెవి తమ్మె లాగినా, చెవి రంధ్రం ముందున్న చిన్న బుడిపె నొక్కినా ప్రాణం పోయినట్టు ఉంటే అది సాధారణంగా ఈ రకమే. దీనికి మూలం రెండు: తడి, లోపలి చర్మం మీద పడే గీత. వానలో తడిసిన జుట్టుతో హెల్మెట్ పెట్టుకుని ఉప్పల్ నుంచి హైటెక్ సిటీ దాకా వెళ్లి, అదే తడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు దూర్చి పొద్దంతా కాల్స్ మాట్లాడితే చెవి ఆరేది ఎప్పుడు? ఇల్లు చేరగానే లేదా ఆఫీస్ చేరగానే తల ఒక పక్కకు వంచి తమ్మెను మెల్లగా కదిలిస్తే నీళ్లు జారిపోతాయి. బయటి చెవిని టవల్ కొసతో అద్దండి. హెయిర్ డ్రైయర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి, మూరెడు దూరం నుంచి అర నిమిషం చాలు. హెల్మెట్ లోపలి మెత్తను ఎండ కాసినప్పుడల్లా ఆరేయండి. ఇయర్‌ఫోన్లు ఒకరివి ఒకరు వాడకండి.

గీత సంగతి మరీ ముఖ్యం. అగ్గిపుల్ల, పిన్నీసు, బండి తాళం చెవి, ఇయర్ బడ్, ఏదైనా ఒకటే. గులిమి మురికి అనుకుంటాం గానీ, అది చెవి తనకు తాను పూసుకునే లేపనం. లోపలి చర్మం మెల్లమెల్లగా బయటికి జరుగుతూ పాత గులిమిని మోసుకొస్తుంది, మనం నమిలినప్పుడు దవడ కదలిక దానికి తోడవుతుంది. బడ్ పెడితే కొసకు అంటేది కొంచెం, లోపలికి దిమ్మెసలా కూరుకుపోయేది ఎక్కువ. తలస్నానం చేయగానే చెవి దిబ్బడ వేసిందంటే ఆ గులిమి నీళ్లకు ఉబ్బిందనే. డాక్టర్‌తో తీయించుకోవాలి. రోడ్డు పక్కన పుల్ల పట్టుకుని తిరిగేవాళ్లకు చెవి అప్పగించకండి.

పిల్లల విషయంలో జలుబును అదుపులో పెడితే చెవి సగం కాపాడినట్టే. ముక్కు చీదించేటప్పుడు ఒక్కో రంధ్రం మూసి మెల్లగా చీదించాలి. రెండూ మూసి గట్టిగా చీదితే చీమిడి చెవి వైపు తన్నుకుపోతుంది. పసిపిల్లలకు పాలు పట్టేటప్పుడు తల కాస్త ఎత్తులో ఉంచండి, నోట్లో పాలసీసాతో పడుకోబెట్టకండి. తలంటు పోశాక చెవుల్లో, ముక్కులో నూనె పోసి ఊదే పద్ధతి మానేయండి. ఇంట్లో సిగరెట్ పొగ ఉంటే పిల్లలకు చెవి ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. చెవి ఇన్ఫెక్షన్లు తెచ్చే ఒక రకం బ్యాక్టీరియాను అడ్డుకునే న్యుమోకాకల్ టీకా 6 వారాలకు, 14 వారాలకు, 9 నెలలకు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేస్తారు. టీకాల కార్డులో ఆ గడి ఖాళీగా ఉందేమో చూసుకోండి.

తొలకరికి లైట్ల చుట్టూ ఉసిళ్లు ముసురుతాయి కదా, ఆ రోజుల్లో చెవిలో పురుగు దూరడం మామూలే. నూనెకు నేను ఒప్పుకునే సందర్భం ఇదొక్కటే. చెవికి చిల్లు గానీ, చీము గానీ ఇంతకుముందు లేకపోతే, ఆ చెవి పైకి ఉండేలా పడుకోబెట్టి గోరువెచ్చటి కొబ్బరి నూనె కొన్ని చుక్కలు వేస్తే పురుగు ఊపిరాడక చస్తుంది. తర్వాత డాక్టర్ తీస్తారు, మీరు పట్టకారు పెట్టకండి. పిల్లలు శనగగింజో పెసరగింజో దూర్చుకుంటే నీళ్లు పోయవద్దు, గింజ ఉబ్బి ఇరుక్కుంటుంది. బొమ్మల్లో ఉండే గుండీ లాంటి బ్యాటరీ అయితే చుక్క కూడా వేయకుండా వెంటనే పరుగెత్తండి, కొన్ని గంటల్లోనే అది లోపల చర్మాన్ని కాల్చేస్తుంది.

పోయినేడాది మిగిలిన చెవి చుక్కల మందు ఫ్రిజ్‌లో ఉంటే ఈ రోజే పారేయండి. బ్యాక్టీరియాకు రాసిన చుక్కలు ఫంగస్ ఉన్న చెవిలో వేస్తే ఫంగస్ ఇంకా పెరుగుతుంది. కొన్ని మందులు చిల్లు పడిన చెవిలో లోపలికి దిగి వినికిడినే దెబ్బతీస్తాయి.

డాక్టర్ చూసి కొత్తగా రాసిన మందైతే, ముందు సీసాను రెండు నిమిషాలు గుప్పిట్లో పట్టుకుని వెచ్చచేయండి. చల్లటి చుక్క పడితే తల గిర్రున తిరుగుతుంది. చెవి పైకి ఉండేలా పక్కకు పడుకోబెట్టి, మూడేళ్ల లోపు వాళ్లకు చెవిని కిందికీ వెనక్కీ, అంతకంటే పెద్దవాళ్లకు పైకీ వెనక్కీ లాగి చుక్కలు వేయండి. ముందున్న బుడిపెను నాలుగైదు సార్లు మెల్లగా నొక్కితే మందు లోపలికి దిగుతుంది. అయిదు నిమిషాలు కదలకుండా ఉండాలి. మా వాడికి ఆ ఫంగస్ తగ్గడానికి డాక్టర్ శుభ్రం చేసి చుక్కలు రాశారు, కొన్ని వారాలు పట్టింది. రోజూ ఆ అయిదు నిమిషాలు వాడి తల అత్తమ్మ ఒళ్లోనే. ఆమె కథ చెబుతూ గోడ గడియారం వైపు చూసుకునేది, ఒక్క నిమిషం కూడా తక్కువ కానిచ్చేది కాదు.