నూనె డబ్బా మీద తేదీ రాసి పెట్టండి

బరువు తగ్గాలి అనుకోగానే మన ఇళ్లలో మొదట జరిగేది నూనె మార్చడం. సన్‌ఫ్లవర్ తీసేసి తవుడు నూనె, కొన్నాళ్లకి అదీ తీసేసి గానుగ నూనె, మధ్యలో ఎవరో చెప్పారని ఖరీదు పెట్టి ఒక ఆలివ్ ఆయిల్ సీసా, అది కూడా పులిహోర పోపులోకి వెళ్లిపోతుంది పాపం. గానుగలో ఆడించినా ఫ్యాక్టరీలో రిఫైన్ చేసినా ఏ నూనెకైనా గ్రాముకి 9 కేలరీలే. అన్నంలో ఉండే పిండి పదార్థానికీ, పప్పులో ఉండే ప్రోటీన్‌కీ గ్రాముకి 4. అందుకని బ్రాండ్ మార్చే ముందు ఒక పని చేయండి, కొత్త డబ్బా మూత తీసిన రోజే దాని మీద మార్కర్‌తో తేదీ రాయండి, అయిపోయిన రోజు ఎన్నాళ్లొచ్చిందో చూసుకోండి.

మేం నలుగురం. 5 లీటర్ల డబ్బా నెలకి అయిపోయేది, అయినా మేం తక్కువే వాడతాం అని గట్టి నమ్మకం. లెక్క వేస్తే మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్ల పైనే, అంటే దాదాపు 340 కేలరీలు ఒక్క వంటనూనెలోంచే. ఇందులో నెయ్యి, ఆవకాయ, సాయంత్రం బండి మీద తిన్న మిరపకాయ బజ్జీలు లేవు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో, 2000 కేలరీల భోజనం తీసుకునే మనిషికి రోజంతటికీ నూనె, నెయ్యి అన్నీ కలిపి 27 గ్రాములే. కూర్చుని చేసే ఉద్యోగం, పైగా బరువు తగ్గాలి అనుకుంటే నేనైతే వంటనూనె మూడు నాలుగు టీస్పూన్ల దగ్గర ఆపమంటాను, అంటే 15 నుంచి 20 మిల్లీలీటర్లు. నలుగురికి నెలకి రెండు లీటర్లు, మహా అయితే రెండున్నర. 40 నుంచి 20కి దిగితేనే మనిషికి రోజుకి 165 కేలరీల దాకా తగ్గుతాయి, అన్నం ముద్ద ముట్టుకోకుండానే.

ఇక కొలత. మన చెయ్యి చెప్పే లెక్క నమ్మకండి. పిల్లల దగ్గు మందు సీసాతో 10 మిల్లీలీటర్ల గీత ఉన్న చిన్న ప్లాస్టిక్ కప్పు వస్తుంది కదా, ఒకరోజు గుత్తి వంకాయ కూరకి ఎప్పుడూ వంపినట్టే నూనె ముందు ఒక గిన్నెలోకి వంపి, దాన్ని ఆ కప్పుతో కొలిచాను. ఎనిమిది కప్పులు, ఇంకా గిన్నె అడుగున కాస్త మిగిలింది. ఒక్క కూరకి! అప్పట్నుంచి పొద్దున్నే ఆ రోజు కోటా, మా ఇంటికి 80 మిల్లీలీటర్లు, ఒక స్టీలు గ్లాసులో పోసి పొయ్యి పక్కన పెడుతున్నాను, డబ్బా మాత్రం పై అరలోకి. టిఫిన్ దోసెలకే సగం అయిపోతే మధ్యాహ్నం వేపుడు ఉండదు, పప్పో పులుసో ఉంటుంది, దీని గురించి మొదటి వారం ఇంట్లో గొడవ కూడా అవుతుంది, పట్టించుకోకండి.

కూరల్లో అన్నిటికంటే వంకాయ నూనె పీల్చేస్తుంది, లోపల అంతా స్పంజిలా ఉంటుంది కాబట్టి. గుత్తి వంకాయల్ని ముందు ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద సగం ఉడికించి అప్పుడు కారం కూరండి, మూత పెట్టి మగ్గిస్తే నాలుగైదు చెంచాల నూనె చాలు. దొండకాయ, అరటికాయ కూడా ముందు ఉడికించి వార్చి వేయించుకోవచ్చు. ఉల్లిపాయలు అడుగంటుతుంటే నూనె పొయ్యకుండా నీళ్లు చిలకరించండి. దోసె పెనానికి సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దితే చాలు. అప్పడాలు నిప్పు మీద కాల్చుకోవడమే. మా అత్తయ్య మాత్రం "నూనె తేలకపోతే అది కూరేనా" అంటారు, ఆవిడ వండిన రోజు తేలిన నూనెని గరిటెతో తీసి పక్కన పెట్టి మర్నాడు పప్పు పోపుకి వాడేస్తాను, ఆవిడకి తెలుసు, ఏమీ అనరు.

అలాగని అసలు నూనె లేకుండా వండడం కూడా నాకు నచ్చదు. విటమిన్ ఎ, డి, ఇ, కె ఒంటికి పట్టాలంటే కొవ్వు కావాలి, తోటకూర, మునగాకు ఒట్టి నీళ్లతో ఉడికించి తింటే వాటిలోని కెరోటిన్ సరిగా అందదు. పైగా నాలుగు గంటలకే ఆకలేసి బిస్కెట్ల డబ్బా తెరుస్తారు. ఏ నూనె అంటే, ఒక్కదాన్నే పట్టుకోకుండా మార్చి మార్చి వాడండి: వేపుళ్లకి పల్లీ నూనె, పోపులకీ పచ్చళ్లకీ నువ్వుల నూనె, మిగతావాటికి తవుడు నూనె. పామాయిల్‌లో సగం దాకా, కొబ్బరి నూనెలో తొంభై శాతం దాకా సంతృప్త కొవ్వే, రోజువారీ వంటకి వద్దు. నెయ్యి రోజుకి ఒక చెంచా, వేడి అన్నంలోకి, వంటకి కాదు. ఒమేగా-3 కావాలంటే అవిసె గింజలు వేయించి కారప్పొడి కొట్టుకోండి, చేపలు తినేవాళ్లయితే వారానికి రెండుసార్లు కవళ్లు పులుసు. గుండె జబ్బు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగండి. ఆ మధ్య కొబ్బరి నూనె తాగే డైట్ చూసి గ్లాసులెత్తినవాళ్లకి కూడా ఇదే మాట.

మంచి కొవ్వే కదా అని అడ్డూ అదుపూ లేకుండా తినేది పల్లీలు. వాటిలో దాదాపు సగం నూనే. గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 170 కేలరీలు. పల్లీ చట్నీ చేసిన రోజు కోటాలోంచి రెండు చెంచాల నూనె తగ్గించేస్తాను.

పూరీలు వేయించాక మిగిలిన నూనెని చల్లార్చి వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరల పోపుకి వాడేయండి. మళ్లీ అందులోనే గారెలు వెయ్యడం, కొత్త నూనె కలిపి దాచడం వద్దు.

మా డబ్బా ఇప్పుడు 58 రోజులు వస్తోంది. సంక్రాంతికి మాత్రం నెల తిరక్కుండానే అడుగంటింది, అరిసెల చెక్కల మధ్య ఎంత ఒత్తినా అవి పీల్చాల్సింది పీల్చేశాయి.