మట్టి తల పగలకుండా కాల్చడం ఎలా?

ప్రతి ఏడాదీ ఇదే తంతు. బొమ్మలు నేర్చుకునే పిల్లలు నెల రోజులు కూర్చుని తాతగారి తలో, బుద్ధుడి తలో మట్టితో చేస్తారు. ముక్కూ మొహం చక్కగా కుదురుతాయి. తీరా కాల్చి బయటికి తీస్తే చెవి ఒక మూల, పుర్రె ఒక మూల. "మట్టి మంచిది కాదు సార్" అంటారు. నూటికి తొంభైసార్లు మట్టి తప్పేమీ ఉండదు. తల లోపల మట్టి తీయకపోవడం, తీసినా ఆరనివ్వకపోవడం, ఈ రెండే అసలు కారణాలు. మిగతా పనంతా ఎవరైనా చేస్తారు కాబట్టి గబగబా చెప్పేస్తాను.

ముందు బొగ్గుతో గీయండి. ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి, మొత్తం నాలుగు బొమ్మలు. పెన్సిల్ వద్దు. పెన్సిల్ చేతిలో ఉంటే కనురెప్పల వెంట్రుకలు గీస్తూ కూర్చుంటారు, బొగ్గయితే తల ఆకారం మీదే దృష్టి నిలుస్తుంది. సెల్‌ఫోన్ ఫొటో చూసి చేసిన తలకు వెనక భాగం ఉండదు, చపాతీలా ఉంటుంది. విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియం ఉంది కదా, వెళ్లి అల్లూరు బుద్ధుడి విగ్రహాన్ని పక్క నుంచి ఒక పావుగంట చూసి రండి. చెవి ఎంత వెనక్కి ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

సామాన్లు: ఐదు కిలోల మట్టి, ఒక చెక్క పలక, దానికి నిలువుగా బిగించిన కర్ర, పాత పేపర్లు, చేపల గాలం దారం, ఒక స్పూను, పెద్ద ప్లాస్టిక్ కవరు. వందలు పోసి టూల్ సెట్లు కొనక్కర్లేదు. హాక్సా బ్లేడు ముక్క, ఐస్‌క్రీం పుల్ల చాలు.

మట్టి గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలి. గుంటూరు వైపు నుంచి వచ్చే ఒక కుర్రాడు వాళ్ల పత్తి చేలోంచి గోనెసంచి నిండా నల్లరేగడి మోసుకొచ్చాడు. వెన్నలా ఉంది సార్ అన్నాడు. వెన్నలాగే ఉంటుంది. కానీ ఎండాకాలం ఆ చేలోకి వెళ్లి చూస్తే కాలు దిగబడేంత నెర్రెలు కనిపిస్తాయి. ఆ మట్టి పొరల మధ్యకి నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే అంతకంత ముడుచుకుంటుంది. చేలో పడే నెర్రెలే మీ బొమ్మ మొహం మీదా పడతాయి. ఇసుక ఎక్కువున్న ఏటి మట్టయితే ముద్దే నిలవదు. కుండలు చేసేవాళ్లు వాడే చెరువు మట్టి తెచ్చుకోండి, వాళ్లనే అడిగి కొనుక్కోండి. దాన్ని నీళ్లలో కలిపి దోమతెరలో వడగట్టాలి. చెరువు మట్టిలో నత్తగుల్లలు ఉంటాయి. అవి మట్టితోపాటు కాలి సున్నం అవుతాయి. ఆ సున్నం గాలిలో తేమ పీల్చి ఉబ్బి, కాల్చిన వారానికో నెలకో బుగ్గ మీద పెచ్చు లేపుతుంది. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు జల్లించిన ఇటుక పొడి కలపండి. ఇటుక ఒకసారి కాలింది కాబట్టి ఇక ముడుచుకోదు, పైగా లోపలి తడి బయటికి రావడానికి దారి ఇస్తుంది. చపాతీ పిండి కన్నా గట్టిగా, గాలి పోయేదాకా పిసకండి.

తల చేయడం మీ ఇష్టం. కర్రకి పేపరు చుట్టి, దాని మీద మట్టి పెట్టుకుంటూ పోండి. లోపల ఇనుప తీగ మాత్రం పెట్టొద్దు. మట్టి ముడుచుకుంటుంది, తీగ ముడుచుకోదు. చీలేది మట్టే.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు: "ఇంత యాతన ఎందుకు సార్, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చు తీసేస్తే పోలా?" పోతుంది. ఫైబర్ పోసి బంగారు రంగు కొడితే ఏ సెంటర్లోనైనా నిలబెట్టొచ్చు. కానీ అచ్చు తీయాలని స్నేహితుడి చేతినో మొహాన్నో నేరుగా ప్లాస్టర్‌లో పెట్టించేవాళ్లని చూశాను, అందుకే చెబుతున్నా. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. మందంగా ఉంటే ఆ వేడి 60 డిగ్రీల దాకా పోతుంది, అప్పటికి చెయ్యి బయటికి రాదు. 2007లో ఇంగ్లండ్‌లో ఒక స్కూలు పిల్ల ఆర్ట్ క్లాసులో ఇలాగే చేతులు పెట్టి వేళ్లు పోగొట్టుకుంది. ఇంకో మాట, ప్లాస్టర్ పని చేసిన బల్ల మీద మట్టి పిసకొద్దు. ఆ పలుకులు మట్టిలో చేరితే నత్తగుల్లల కథే మళ్లీ మొదలవుతుంది.

లోపల తొలవడం

ఇక అసలు పని. నా మొదటి తల కథ చెబితే ఇది ఎందుకింత ముఖ్యమో అర్థమవుతుంది. అది చేసినప్పుడు నేను లోపల తొలవలేదు. పైన ఎండిపోయింది కదా అని ఊళ్లో కుండలు కాల్చే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన చేతిలోకి తీసుకుని, ఒకసారి పైకీ కిందకీ ఎత్తి చూసి, "ఇది తల కాదు అబ్బాయ్, బాంబు. నా ఆవంలో పెట్టను" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కాలేజీలో కరెంటు కొలిమి ఉందిగా అని అందులో పెట్టాను. రెండో గంటలో ఢమాల్‌మంది. నా తలతోపాటు ఇంకో ముగ్గురి కుండలూ పోయాయి. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది.

మట్టిలో గాలి బుడగ ఉండటం వల్ల పేలుతుందని అందరూ చెప్పుకుంటారు. అది కాదు. పేల్చేది నీళ్లు. ఒక గ్లాసు నీళ్లు ఆవిరైతే 1,600 గ్లాసులకు పైగా చోటు కావాలి. నాలుగంగుళాల మందం మట్టి నడుమ ఇరుక్కున్న తడి ఒక్కసారిగా ఆవిరైతే ఎటు పోతుంది? మొహం బద్దలు కొట్టుకుని పోతుంది.

అందుకే తల లోపలంతా గుల్ల చేయాలి. ఎప్పుడు చేయాలన్నదే కిటుకు. మరీ పచ్చిగా ఉంటే కోసినప్పుడు మొహం కుంగిపోతుంది. మరీ ఆరితే స్పూను దిగదు, బలవంతం చేస్తే ముక్కు ఊడుతుంది. కొత్త బట్టల సబ్బు కోసినట్టు కత్తి దిగాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు, ముద్ర మాత్రం పడాలి. చలికాలంలో దీనికి మూడు నాలుగు రోజులు పడుతుంది. రోహిణి కార్తెలో అయితే పొద్దున్న పచ్చిగా ఉన్నది సాయంత్రానికి రాయైపోతుంది. ఆ రోజుల్లో నేను తలల పనే పెట్టుకోను, మీరూ పెట్టుకోకండి.

చెవుల వెనక నుంచి నడినెత్తి మీదుగా ఒక గీత గీయండి. కోసే ముందే ఆ గీతకు అడ్డంగా నాలుగైదు చోట్ల చిన్న గాట్లు పెట్టండి. ఇవి లేకుండా కోసినవాళ్లు తర్వాత వెనక చిప్ప ఎటు తిప్పి అతకాలో తెలియక తల పట్టుకుంటారు. గాలం దారం రెండు చేతులా బిగించి పట్టుకుని, గీత వెంట ఒకే ఊపులో లాగండి. వెనక భాగం కొబ్బరి చిప్పలా చేతిలోకి వస్తుంది. కర్రను కిందికి లాగేయండి. పాత గుడ్డ మడతల మీద మొహాన్ని పడుకోబెట్టి, స్పూనుతో లోపల తోడండి. అన్నిచోట్లా మందం ఒక్కలా, వేలి మందం దగ్గరలో ఉండాలి. రెండు సెంటీమీటర్లు దాటకూడదు. ముక్కు వెనక, గడ్డం వెనక, మెడ మొదట్లో మట్టి ఉండిపోతుంది. అందరూ మర్చిపోయేది అక్కడే. గుండుసూది గుచ్చి మందం చూసుకోండి, ఆ చిల్లు తర్వాత వేలితో రుద్దితే పోతుంది.

అతికేటప్పుడు రెండు అంచులూ ఫోర్కుతో గీకి, అదే మట్టిని పెరుగులా కలిపి రాసి, గాట్లు కలిసేలా పెట్టి నొక్కండి. లోపల పేపరు ఉండలు నింపితే కుంగదు, పేపరు కొలిమిలో కాలిపోతుంది. మెడ కింద తెరిచే ఉంచండి. తోడేటప్పుడు ఒక సగం ఫ్యాను కింద, ఒక సగం కవరులో పెట్టి టీకి వెళ్లొస్తే, తడి తేడా వచ్చి అతుకు ఆరేటప్పుడు విడిపోతుంది. టీ తర్వాత తాగొచ్చు.

ఆరబెట్టడం

డాబా మీద ఎండలో పెట్టొద్దు. ఫ్యాను వద్దు, ఏసీ వద్దు. పైన ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపల ఇంకా ఉబ్బే ఉంటుంది, నడుమ చీలిక పుడుతుంది. పలక మీద రెండు పేపర్లు పరిచి బొమ్మ పెట్టండి, ముడుచుకునేటప్పుడు అడుగు జారడానికి. చెవులకీ ముక్కుకీ తడిగుడ్డ ముక్కలు కప్పండి, పలచని భాగాలు తొందరపడతాయి కాబట్టి. పైన ప్లాస్టిక్ కవరు. మూడు రోజులు తీయొద్దు. తర్వాత రోజూ పొద్దున ఒక గంట, ఆ తర్వాత రెండు గంటలు. రోజూ బొమ్మని ఒక పక్కకి తిప్పండి. చలికాలంలో పదిహేను, ఇరవై రోజులు పడుతుంది. వానాకాలంలో నెల.

ఆరిందో లేదో రంగు చూసి చెప్పేవాళ్ల మాట నమ్మకండి. చెంపకి ఆనించి చూడండి, చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే. దానికన్నా వంటింటి తక్కెడ మేలు. రోజూ తూచి గోడ మీద రాయండి. మూడు రోజులు అదే అంకె వస్తే ఆరినట్టు. మా గోడ మీద ఇప్పటికీ 2,140, 2,065, 2,010 అని బొగ్గు రాతలుంటాయి, ఇంటికొచ్చినవాళ్లు పాల లెక్క అనుకుంటారు.

కాల్చడం

కరెంటు కొలిమి అయితే మూత కాస్త తెరిచి, మూడు గంటల్లో 100 డిగ్రీలకు మెల్లగా తీసుకెళ్లండి. అక్కడ ఆగి, గాలి బెజ్జం దగ్గర చల్లని స్టీలు పళ్లెం పట్టండి. పళ్లెం మీద మంచు పట్టినట్టు మసకేస్తే ఇంకా ఆవిరి వస్తోందని. మసకెయ్యడం ఆగేదాకా వేడి పెంచొద్దు, రాత్రంతా పట్టినా సరే. తర్వాత గంటకు 100 డిగ్రీల చొప్పున వెళ్లి, 573 దగ్గర నెమ్మదించండి. మట్టిలో ఉన్న ఇసుక రేణువులు అక్కడ ఉన్నట్టుండి పెరుగుతాయి. అది దాటాక 950 దాకా నిశ్చింతగా పోవచ్చు. కుమ్మరి ఆవంలో పెట్టిస్తే ఈ అంకెలేవీ ఉండవు. ముందు పూటంతా పొగ సెగ పెట్టి, ఆ తర్వాతే మంట ఎక్కిస్తారు. మధ్యలో మీరు సలహాలివ్వొద్దు.

కాలాక తెరవాలన్న టెన్షన్ మొదలవుతుంది. చల్లారేటప్పుడు కూడా ఆ 573 మళ్లీ వస్తుంది, ఈసారి రేణువులు ముడుచుకుంటాయి. చల్లగాలి తగిలితే టింగుమని చిన్న శబ్దం వస్తుంది, అంతే, చెంప మీద గీత. బొమ్మని చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే తీయండి. బయటికి తీశాక వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే బాగున్నట్టు, డబ్ అంటే ఎక్కడో చీలిక దాక్కున్నట్టు. బొమ్మ పదో వంతు చిన్నదై కనిపిస్తుంది, కంగారు పడొద్దు. ఎనామిల్ రంగు డబ్బా మాత్రం దగ్గరికి తేవద్దు.