మైన్‌క్రాఫ్ట్‌లో రెడ్‌స్టోన్ (ఆటలోని కరెంటు లాంటిది) సిగ్నల్ బలాన్ని అంకెల్లో చూపించే మాడ్ (గేమ్‌కు అదనంగా కలిపే ప్రోగ్రామ్) వేసే ముందు జాగ్రత్తలు

• ముందు వరల్డ్‌ను కాపీ చేసుకోండి. గేమ్ పూర్తిగా మూసేసి, సేవ్స్ (saves) ఫోల్డర్‌లో ఉండే ఆ వరల్డ్ ఫోల్డర్ మొత్తాన్ని వేరే చోట దాచండి. నెలల తరబడి కట్టిన ఫార్మ్ ఒక్క క్రాష్‌తో పోతే ఆ బాధ మామూలుగా ఉండదు.

• మాడ్‌కూ, మీ మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కూ వెర్షన్ చివరి అంకె దాకా సరిపోవాలి. మాడ్‌లను నడిపే లోడర్లూ (ఫాబ్రిక్, ఫోర్జ్ లాంటివి) వేరువేరు; ఫాబ్రిక్ కోసం చేసిన మాడ్ ఫోర్జ్‌లో నేరుగా నడవదు.

• తయారుచేసినవాళ్లు పెట్టిన చోటి నుంచే దించుకోండి. మాడ్ వచ్చే జార్ ఫైల్ అంటే మీ కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామే కదా.

• మాడ్ చూపే అంకెలను వెంటనే నమ్మకండి. ఖాళీ చోట ఒక లివర్ (స్విచ్) పెట్టి, దాన్ని ఆనుకుని 16 బ్లాకుల పొడవున రెడ్‌స్టోన్ డస్ట్ (సిగ్నల్‌ను మోసే పొడి) పరవండి. లివర్ వేస్తే మొదటి డస్ట్‌పై 15, పక్కదానిపై 14, అలా తగ్గుతూ పదిహేనోదానిపై 1, పదహారోదానిపై 0 రావాలి. ఎఫ్3 నొక్కి డస్ట్ వైపు చూస్తే గేమ్ కూడా పవర్ ఎంతో చెబుతుంది. రెండూ కలవలేదా, ఆ మాడ్ వద్దు.

• అదే పనిగా ఆన్, ఆఫ్ అవుతూ వేగంగా కొట్టుకునే క్లాక్ సర్క్యూట్లను ముందే ఆపండి. అంకెలన్నీ ఒకేసారి మారుతుంటే పాత కంప్యూటర్లు తట్టుకోలేవు.

• నలుగురూ ఆడే సర్వర్ అయితే అడ్మిన్‌ను అడిగాకే వేయండి.