డైబాల్‌తో ఆల్డిహైడ్ రావడం లేదా?

సమస్య: ఆల్డిహైడ్ కోసం ఎస్టర్‌కు డైబాల్ (డైఐసోబ్యుటైల్ అల్యూమినియం హైడ్రైడ్ అనే క్షయకరణి) కలిపారు. చర్య ఎంతవరకు వచ్చిందో చూపే టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) ప్లేటు మీద ఆల్కహాల్ చుక్క ఉంది, మిగిలిపోయిన ఎస్టర్ చుక్కా ఉంది. ఆల్డిహైడ్ జాడ లేదు.

కారణం: డైబాల్ ఎక్కువైందనుకుని మరుసటిసారి తగ్గించేవాళ్లే ఎక్కువ. డైబాల్ మాత్రమే ఎక్కువైతే ఎస్టర్ ఎందుకు మిగులుతుంది? ఇది వేడి చేసిన పని. మైనస్ 78 డిగ్రీల దగ్గర ఎస్టర్ ఒక హైడ్రైడ్‌ను తీసుకుని, అల్యూమినియంతో ముడిపడిన మధ్యస్థ పదార్థంగా నిలిచి ఉంటుంది. వేడి తగిలితే అది విడిపోయి ఆల్డిహైడ్ బయటపడుతుంది. ఎస్టర్ కన్నా ఆల్డిహైడ్‌కే చర్యాశీలత ఎక్కువ కాబట్టి తర్వాతి హైడ్రైడ్‌ను అదే లాక్కుని ఆల్కహాల్ అవుతుంది, ఎస్టర్ మిగిలిపోతుంది. చేతికి అందింది నోటికి అందకుండా పోతుంది.

మే నెల అనంతపురంలో, ఏసీ లేని ల్యాబులో, సిరంజిలోని డైబాల్ ద్రావణమే 40 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది పడినచోటల్లా చల్లదనం చెదురుతుంది.

పరిష్కారం: థర్మామీటర్ డ్రై ఐస్-ఎసిటోన్ తొట్టిలో కాదు, ఫ్లాస్కు లోపల ఉండాలి. డైబాల్‌ను ఫ్లాస్కు చల్లని గోడ వెంట చుక్కచుక్కగా జార్చండి, ఎస్టర్‌కు 1.1 తుల్యాంకాలు (ఒక మోల్ ఎస్టర్‌కు 1.1 మోల్‌ల డైబాల్) మించనక్కరలేదు. డ్రై ఐస్ త్వరగా ఆవిరవుతుంది, మధ్యలో వేస్తూ ఉండండి. చర్య ముగిశాక ఫ్లాస్కును తొట్టిలోంచి తీయకముందే చల్లటి మిథనాల్ పోయాలి. వాయువు వెలువడుతుంది, దారి మూయకండి.

ఇంకో మోసం ఉంది. టీఎల్‌సీ కోసం కేశనాళికలోకి (సన్నని గాజు గొట్టంలోకి) తీసిన చుక్క అక్కడే వేడెక్కి ఆల్కహాల్‌గా మారుతుంది. ఫ్లాస్కులో అంతా బాగున్నా ప్లేటు అబద్ధం చెబుతుంది. తీసిన నమూనాను వెంటనే చల్లటి మిథనాల్‌లో ముంచి, ఆ తర్వాతే చుక్క పెట్టండి.

సమస్య: ఎస్టర్ కదలనే లేదు.
డైబాల్ సీసా పాతది, లేదా ఫ్లాస్కులో తేమ ఉంది. కొత్త సీసా, ఆరబెట్టిన గాజు, నైట్రోజన్. డైబాల్‌కు గాలి తగిలితే నిప్పు అంటుకోవచ్చు, జాగ్రత్త.

సమస్య: నీళ్లు పోయగానే అంతా జావలా గడ్డకట్టింది.
అది అల్యూమినియం హైడ్రాక్సైడ్. వడపోతకు లొంగదు. రోషెల్ లవణం (పొటాషియం సోడియం టార్ట్రేట్) సంతృప్త ద్రావణం పోసి, రెండు పొరలు తేటగా విడిపోయేదాకా కలపండి. గంటలు పట్టవచ్చు, తొందరపడితే దిగుబడి ఆ జావలోనే పోతుంది.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా ఆల్కహాలే వస్తుంటే ఎస్టర్‌ను వైన్‌రెబ్ అమైడ్‌గా (నైట్రోజన్ మీద మెథాక్సీ, మిథైల్ సమూహాలున్న అమైడ్‌గా) మార్చి క్షయకరణం చేయండి. దాని మధ్యస్థ పదార్థం చాలా గట్టిది, తేలిగ్గా విడిపోదు. అది కుదరకపోతే పూర్తిగా ఆల్కహాల్ దాకా వెళ్లనిచ్చి, ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్ దగ్గరే ఆపే స్వెర్న్ పద్ధతిలో ఆక్సీకరణ చేసి వెనక్కి రండి. ఒక మెట్టు ఎక్కువే, కానీ నా ఓటు దానికే.