స్కీమ్ ప్రోగ్రామింగ్ భాషలో రికార్డులు, మ్యాక్రోలు మొరాయిస్తే

సమస్య: కళ్ల ముందున్న రికార్డునే ప్రెడికేట్ కాదంటోంది

రెపల్‌లో (కోడ్ టైప్ చేయగానే ఫలితం చూపే ప్రాంప్ట్) ఒక పాయింట్ రికార్డు (కొన్ని ఫీల్డులను కలిపి ఉంచే విలువ) తయారుచేశారు. ఫైలులో చిన్న సవరణ చేసి మళ్లీ లోడ్ చేశారు. ఇప్పుడు అదే విలువను `పాయింట్?` అనే ప్రెడికేట్‌కి (అవునా కాదా చెప్పే ఫంక్షన్) ఇస్తే ఫాల్స్ వస్తోంది. ఎక్స్ ఫీల్డును చదివే `పాయింట్-ఎక్స్` అయితే ఏకంగా టైప్ ఎర్రర్ ఇస్తోంది. ప్రింట్ చేస్తే మాత్రం పాయింట్ అనే కనిపిస్తుంది, అందుకే ఇది ఒక పట్టాన అర్థం కాదు.

కారణం: `డిఫైన్-రికార్డ్-టైప్` నడిచిన ప్రతిసారీ కొత్త టైపు పుడుతుంది. పేరూ ఫీల్డులూ అవే అయినా టైపు వేరు. పాత విలువ పాత టైపుకే చెందుతుంది, కొత్త ప్రెడికేట్‌కు ఆ టైపుతో సంబంధం లేదు. 2013లో వచ్చిన స్కీమ్ ప్రమాణం ఆర్7ఆర్ఎస్ ఇలాగే ఉండాలని స్పష్టంగా చెబుతుంది. కాబట్టి ఇంప్లిమెంటేషన్‌లో బగ్ కోసం వెతకక్కర్లేదు.

పరిష్కారం: టైపు నిర్వచనాన్ని విడిగా ఒక లైబ్రరీలో పెట్టి, రోజూ మార్చే కోడ్‌ను వేరే ఫైలులో ఉంచండి. ఒకే ఫైలును రెండుచోట్ల ఇన్‌క్లూడ్ చేసినా ఇదే గొడవ, అక్కడ ఇంపోర్ట్ వాడాలి. దానికి ముందటి ప్రమాణం ఆర్6ఆర్ఎస్ వాడేవాళ్లకు `నాన్‌జెనరేటివ్` అనే సౌకర్యం ఉంది. దానికి ఒక యూఐడీ (టైపును గుర్తుపట్టే ప్రత్యేకమైన పేరు) ఇస్తే మళ్లీ లోడ్ చేసినా టైపు మారదు. కాకపోతే అదే యూఐడీతో ఫీల్డులు మారిస్తే ఎర్రర్ వస్తుంది. అలా రావడమే మంచిది.

సమస్య: `స్వాప్!` ఒక్కోసారి ఏమీ మార్చడం లేదు

`డిఫైన్-మ్యాక్రో`తో ఒక మ్యాక్రో (నడిచే ముందే వేరే కోడ్‌గా విస్తరించే కోడ్) రాశారు. రెండు పేర్ల విలువలను అటూ ఇటూ మార్చాల్సిన `(స్వాప్! టెంప్ బి)` ఇలా విస్తరిస్తుంది:

`(లెట్ ((టెంప్ టెంప్)) (సెట్! టెంప్ బి) (సెట్! బి టెంప్))`

మ్యాక్రో లోపలి `టెంప్`, వాడినవాళ్ల `టెంప్`‌ను కప్పేసింది. బయటి రెండు విలువలూ ఎక్కడివక్కడే ఉండిపోతాయి. `సింటాక్స్-రూల్స్`‌తో తిరగరాస్తే హైజీన్ (మ్యాక్రో లోపలి పేర్లు బయటి పేర్లతో కలిసిపోకుండా చూసే ఏర్పాటు) వల్ల ఈ తగాదా ఉండదు. పాతదే ఉంచక తప్పదనుకుంటే తాత్కాలిక పేరును, ఎక్కడా లేని కొత్త పేరు ఇచ్చే `జెన్‌సిమ్`‌తో పుట్టించండి.

సమస్య: మ్యాక్రో `మేక్-పాయింట్`‌ను నిర్వచించింది, బయట మాత్రం అన్‌బౌండ్ (అలాంటి పేరే లేదు) అంటోంది

ఇదీ హైజీన్ పనే. మ్యాక్రో తన టెంప్లేట్‌లో (విస్తరణ నమూనాలో) సొంతంగా రాసుకున్న పేరు బయటి కోడ్‌కు కనిపిస్తుందని నమ్మలేం. పైగా రెండు పేర్లను అతికించి కొత్త పేరు చేయడం `సింటాక్స్-రూల్స్`‌కు చేతకాదు. మీ స్కీమ్‌లో `సింటాక్స్-కేస్` అనే మరో మ్యాక్రో పద్ధతి ఉంటే, పేరును తయారుచేయడానికి `డేటమ్->సింటాక్స్` వాడొచ్చు. దాని మొదటి ఆర్గ్యుమెంట్‌గా వాడినవాళ్లు రాసిన ఐడెంటిఫయర్‌నే (పేరునే) ఇవ్వాలి, టెంప్లేట్‌లోది ఇస్తే మళ్లీ మొదటికే వస్తుంది. నా మట్టుకు నేను కన్‌స్ట్రక్టర్ (రికార్డును తయారుచేసే ఫంక్షన్) పేరును ఆర్గ్యుమెంట్‌గా అడిగే మ్యాక్రోకే ఓటేస్తాను. రాయడానికి కొంచెం పొడవు, కానీ ఆ పేరు ఎక్కడ పుట్టిందో ఫైలులో వెతికితే దొరుకుతుంది.

సమస్య: మ్యాక్రో మార్చినా పాత ఫలితమే వస్తోంది

దాన్ని వాడిన ఫంక్షన్లలో పాత విస్తరణే ఉండిపోయింది. వాటినీ మళ్లీ కంపైల్ చేయండి. మ్యాక్రో నిర్వచనం దాని వాడకం కంటే ముందే ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే స్కీమ్ దాన్ని మామూలు ఫంక్షన్ కాల్ అనుకుంటుంది.

సమస్య: చిన్న అంకెలకు పనిచేసిన పోలిక పెద్దవాటికి తప్పుతోంది

అంకెల దగ్గర, రెండూ ఒకే వస్తువా అని చూసే `ఈక్యూ?`‌ను నమ్మకూడదు, `ఈక్యూవి?` కానీ `=` కానీ వాడాలి. జాబితాలో వెతికే `మెమ్‌క్యూ` కూడా లోపల `ఈక్యూ?`‌నే వాడుతుంది, దాని బదులు `మెమ్‌వి` పెట్టండి.